నాటు పుంజు ఈకతో డ్రై ఫ్లై కట్టొచ్చా? హ్యాకిల్ ఎందుకు నిలబడటం లేదు?

రాయగడ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఫ్లైలు, అంటే గాలానికి ఈకలు, దారం చుట్టి పురుగులా చేసే ఎరలు, కట్టడం ఈ మధ్యే మొదలుపెట్టారు. డ్రై ఫ్లై నీటి మీద తేలేది, హ్యాకిల్ దాని చుట్టూ చుట్టే ఈక. విదేశీ కేప్ (ఈకలతో సహా ఒలిచిన పుంజు మెడ చర్మం) వేలల్లో ఉందని సంతలో దొరికే నాటు పుంజు మెడ ఈకలు వాడుతున్నారు. చుడుతుంటే పోగులు తలో దిక్కుకీ పోతున్నాయి. ఒక్కోసారి ఈనె విరుగుతోంది. కట్టిన ఫ్లై రెండు మూడుసార్లు విసిరేసరికి మునిగిపోతోంది. తప్పు ఈకదా, నా చేతిదా అని అడుగుతున్నారు.

తప్పంతా చేతిది కాదండీ. చాలావరకు ఈక ఎంపికలోనే ఉంది. నాటు పుంజు ఈకతో 10, 12 నంబరు గాలాల మీద, జాగ్రత్తగా ఏరుకుంటే 14 మీద కూడా మంచి డ్రై ఫ్లై కట్టొచ్చు. నీళ్లలో మునిగి పనిచేసే వెట్ ఫ్లైలకు, చిన్న చేపలా కదిలే స్ట్రీమర్లకు అయితే మన కోళ్లను మించినవి కొనక్కర్లేదు. 16, అంతకన్నా చిన్న గాలాలకు (నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నది) మాత్రం నాటు ఈకతో కుస్తీ పట్టకండి. వాటికి సైజు ప్రకారం ఏరి ప్యాకెట్లుగా అమ్మే శాడిల్ (నడుం మీది) ఈకలు ఒక ప్యాకెట్ తెప్పించుకోండి. పూర్తి కేప్ అవసరం లేదు.

నేను పర్లాకిమిడిలో ఉంటాను. మహేంద్రతనయ, వంశధార, అప్పుడప్పుడు కొలాబ్ రిజర్వాయర్, ఇవే నేను చేపలు పట్టే నీళ్లు. చాలా ఏళ్లుగా ఇక్కడి ఈకలతోనే కట్టుకుంటున్నాను, నేర్చుకోవాలని వచ్చే కుర్రాళ్లకు చూపిస్తున్నాను. వాళ్లలో ఎక్కువమందికి మీకు వచ్చిన ఇబ్బందులే వస్తాయి. కింద నేను ఈనె అనేది ఈక మధ్యలోని కాడని, పోగులు అనేవి దానికి రెండు పక్కలా ఉండే వెంట్రుకల్లాంటివాటిని, నూగు అనేది ఈనెకు దగ్గరగా మెత్తగా అల్లుకుని ఉండే భాగాన్ని.

ముందు, హ్యాకిల్ అక్కడ ఎందుకుందో చూద్దాం. డ్రై ఫ్లైకి చుట్టిన పోగుల కొనలు నీటి పై పొర మీద ఆనుకుని గాలం బరువును మోస్తాయి. అందుకు పోగు బిరుసుగా ఉండాలి, నీళ్లు పీల్చకూడదు. నూగు దూదిలా నీళ్లు పీలుస్తుంది. వెట్ ఫ్లైకి ఇదంతా తలకిందులు. పోగు మెత్తగా ఉండి నీళ్లలో కదలాలి, నూగు ఉంటేనే మేలు. అందుకే డ్రై ఫ్లైకి పుంజు, వెట్ ఫ్లైకి పెట్ట. ఒకే ఈక రెండు పనులకూ బాగుంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక ఏ పుంజు? ఏడాది దాటిన పుంజు. ఆరేడు నెలల పుంజుకి మెడ మీద రంగు వచ్చేస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ పోగు ఇంకా మెత్తన, సగం దాకా నూగే. మీరు సంతలో కొన్నది ఇలాంటిదేనని నా అనుమానం, ఎందుకంటే కూరకి లేతది కావాలని అందరూ అదే అడుగుతారు, అమ్మేవాళ్లు అవే తెస్తారు. కాలి ముల్లు చూడండి, పొడవుగా గట్టిపడి ఉంటే వయసున్న పుంజు. ఈకలు రాల్చుకుని కొత్తవి వస్తున్న పుంజునీ వదిలేయండి. కొత్త ఈకల ఈనె మొదట్లో రక్తం ఉంటుంది, ఎండాక అక్కడ ముడుచుకుపోతుంది. నాకు మంచి కేప్‌లు దొరికేది చలికాలంలోనే, కార్తీకం దాటాక సంక్రాంతి వరకు.

బ్రాయిలర్ షాపు ఈకల గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. ఆరు వారాల కోడికి హ్యాకిలే ఏర్పడదు. పైగా వేడినీళ్లలో ముంచి పీకుతారు. ఆ ఈకలు దేనికీ పనికిరావు. నాటుకోడి కోసేవాళ్ల దగ్గరైనా వేడినీళ్లలో ముంచక ముందే, మంట మీద కాల్చక ముందే మెడ చర్మం ఈకలతో సహా ఒలిచి ఇమ్మని ముందే చెప్పాలి. తల వెనక నుంచి భుజాల దాకా ఒకే ముక్కగా రావాలి. నడుం మీద తోకకు ముందు వేలాడే పొడవాటి ఈకలు శాడిల్, అవి విడిగా ఇంకో ముక్క. సంతలో నాటుకోడి కోసే ఆయనకు ఒకసారి ఓపికగా చూపిస్తే చాలు, తర్వాత ఆయనే తీసి పక్కన పెడతాడు.

పందెం జాతి పుంజు, అదే ఆసిల్, చూసి ఆశపడకండి. దాని ఈకలు పొట్టివి, ఒంటికి అతుక్కుని ఉంటాయి, మెడ మీద పల్చన. పోగు బిరుసే కానీ ఒక్క ఈకతో రెండు చుట్లు రావడం కూడా కష్టం. మామూలు పెరటి పుంజు దీనికన్నా చాలా నయం.

రంగుల విషయంలో మనం అదృష్టవంతులం. డేగ పుంజు మెడ ఈక అంటే విదేశీ ప్యాటర్నులలో బ్రౌన్ హ్యాకిల్ అని రాసేది. కాకి అంటే బ్లాక్. సేతు అంటే వైట్, టీ డికాక్షన్‌లో కాసేపు నానబెడితే క్రీమ్ రంగు వస్తుంది. ఎర్ర ఈక మధ్యలో నల్ల గీత ఉంటే ఫర్నెస్, లేత గోధుమ ఈక మధ్యలో నల్ల గీత ఉంటే బ్యాడ్జర్. ఇవి రెండూ మన ఊళ్లలో పెరటి కోళ్లకు మామూలే. ఇక్కడో జాగ్రత్త. ఫర్నెస్ ఈకలో మధ్య నలుపు చూసి అదంతా నూగు అనుకుని మంచి ఈకలు పారేసేవాళ్లున్నారు. నలుపు రంగు మాత్రమే, నూగు వేరు. వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. నూగున్న చోట పోగులు ఒకదానికొకటి అల్లుకుని మసకగా కనిపిస్తాయి, లేనిచోట పోగుకీ పోగుకీ మధ్య వెలుగు తెలుస్తుంది.

మనకి సులువుగా దొరకనిది గ్రిజ్లీ ఒక్కటే, అదే నలుపు తెలుపు అడ్డచారల ఈక. 1922లో మిషిగన్‌లో లెన్ హాలడే కట్టిన ఆడమ్స్ ఫ్లైకి గ్రిజ్లీ, బ్రౌన్ రెండూ కలిపి చుడతారు. చారల కోడి పెంచేవాళ్లు దగ్గర్లో ఉంటే అడగండి, లేకపోతే కొనే ఆ ఒక్క ప్యాకెట్ గ్రిజ్లీ అయితే బాగుంటుంది.

విదేశీ కేప్‌లో ఏముంది, అంత ధర ఎందుకని మీకు అనిపించవచ్చు. అక్కడ ఈక కోసమే తరాల తరబడి ఏరి పెంచిన పుంజులవి. కొలరాడోలోని వైటింగ్ ఫార్మ్స్ వాళ్లు 1989 నుంచి చేస్తున్నది ఈ పనే. వాళ్ల శాడిల్ ఈక జానెడు దాటి ఉంటుంది, మొదటి నుంచి చివరి దాకా పోగు పొడవు దాదాపు ఒకటే, నూగు దాదాపు ఉండదు. ఒక్క ఈకతో నాలుగైదు ఫ్లైలు వస్తాయి. మన పుంజుని ఎవరూ ఈక కోసం పెంచలేదు. దాని మెడ ఈకలో పనికొచ్చేది కొన వైపు మూడోవంతు. కానీ అలాంటి కోళ్లు మార్కెట్‌లోకి రాకముందు అమెరికాలో, ఇంగ్లండ్‌లో కూడా మన దేశం నుంచి, చైనా నుంచి వెళ్లిన మెడ ఈకలు విరివిగా వాడేవారు. ఒక ఫ్లైకి రెండేసి ఈకలు చుట్టేవారు. మనం చేయాల్సిందీ అదే.

ఈకను గాలానికి కొలవడం. ఇది మానేసినవాళ్ల ఫ్లైలు ఎప్పటికీ బాగుపడవు. ఈకను కేప్ నుంచి పీకక ముందే గాలం కాడ చుట్టూ వంచండి, పోగులు విచ్చుకుంటాయి. పోగు పొడవు గాలం మొనకీ కాడకీ మధ్య ఉన్న ఖాళీకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. రెండు రెట్లకు మించితే ఫ్లై పక్కకి ఒరుగుతుంది, మరీ పొట్టిదైతే గాలం కొన నీళ్లలోకి దిగి ఫ్లైని లాగేస్తుంది. కేప్‌లో చిన్న ఈకలు తల వైపు, పెద్దవి భుజాల వైపు ఉంటాయి. కాబట్టి ఒకసారి 12 నంబరుకి సరిపోయేవి ఏ వరసలో ఉన్నాయో గుర్తుపెట్టుకుంటే మళ్లీ మళ్లీ వెతకనక్కర్లేదు. కేప్ అంచుల్లో వెడల్పుగా, పొట్టిగా, బిరుసైన పొడవాటి పోగులతో కొన్ని ఈకలుంటాయి. వాటిని చుట్టడానికి కాకుండా తోకలు కట్టడానికి దాచుకోండి. మన పుంజుల్లో అందరూ పారేసే మంచి సరుకు ఇదే.

బిరుసుతనం తెలియాలంటే పోగుల కొనలను పై పెదవికి ఆనించి నొక్కండి. గుచ్చుకున్నట్టు అనిపిస్తే డ్రై ఫ్లైకి. మెత్తగా వంగిపోతే వెట్ ఫ్లై డబ్బాలో వేయండి. వేలికి తెలియని తేడా పెదవికి తెలుస్తుంది. ఈక శుభ్రంగా కడిగినదై ఉండాలని వేరే చెప్పక్కర్లేదు కదా.

ఇప్పుడు మీ మూడు ఇబ్బందులు ఒక్కొక్కటే.

పోగులు తలో దిక్కుకీ పోవడం. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ కట్టే చోటే ఉంటుంది. నూగు ఉన్న కింది భాగమంతా తీసేయండి, మొహమాటపడకండి, నాటు ఈకలో సగానికి పైగా పోతుంది. పీకే బదులు కత్తెరతో పొట్టిగా కత్తిరిస్తే ఇంకా మంచిది. ఈనెకు మిగిలిన మొలకలు దారానికి పట్టునిస్తాయి, ఈక జారి ఊడిరాదు. గాలం కాడ మీద ముందే దారంతో ఒక వరస చుట్టి మైనం రాసి ఉంచండి, నున్నటి ఇనుము మీద ఈనె తిరుగుతుంది. కట్టాక, దారానికీ మొదటి పోగుకీ మధ్య రెండు మిల్లీమీటర్లు ఉత్త ఈనె మిగలాలి. మొదటి అరచుట్టు ఆ ఉత్త ఈనెతోనే తిరగాలి. పోగు దారానికి ఆనుకునే మొదలైతే ఆ మొదటి పోగులు వంకరగా లేస్తాయి, వాటి మీద చుట్టేవన్నీ అదే వంకర పట్టుకుంటాయి. చుట్టేటప్పుడు ఈనె గాలానికి నిటారుగా రావాలి. మెలి తిరుగుతున్నట్టు కనిపిస్తే వెంటనే ఆపి, ఒక చుట్టు విప్పి, సరిచేసి మళ్లీ మొదలుపెట్టండి. ముందుకు లాగేసి సర్దుదామంటే కుదరదు.

రెండు ఈకలైతే రెండింటినీ ఒకదాని మీద ఒకటి, ఒకే వైపు వంపు ఉండేలా పెట్టి కలిపి కట్టండి. నేను మెరిసే వైపు గాలం కన్ను (దారం కట్టే రంధ్రం) వైపు ఉండేలా పెడతాను. రెండూ ఒకేసారి చుట్టకండి. మొదటిది రెక్కల వెనక మూడు నాలుగు చుట్లు, ముందు మూడు చుట్లు, చుట్టు పక్కన చుట్టు ఆనుకునేలా చుట్టి కట్టేయండి. రెండోదాన్ని చుట్టేటప్పుడు ఈనెను అటూ ఇటూ కొంచెం ఊపుతూ తీసుకెళితే, అది మొదటి ఈక పోగుల మధ్య దారి చేసుకుని పోతుంది. తిన్నగా బిగించి లాగితే కింది పోగుల్ని అణిచేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ ప్రాక్టీసు కావాల్సింది ఈ ఊపుడికే. గాలం కన్ను వెనక కనీసం ఒక కన్ను వెడల్పు ఖాళీ వదలండి, లేకపోతే తల కట్టేటప్పుడు పోగులన్నీ దారం కిందకి వస్తాయి.

ఈనె విరగడం. మూడు కారణాలు చూశాను. ఎండలో ఎక్కువసేపు ఆరబెట్టిన కేప్‌లో ఈనె పెళుసుబారుతుంది, నీడలోనే ఆరబెట్టాలి. భుజాల వైపు పెద్ద ఈకల్లో ఈనె సహజంగానే లావు, చిన్న గాలం చుట్టూ వంగదు. మూడోది, ఈక కొన పట్టుకుని చుట్టే చిన్న పటకారు, అంటే హ్యాకిల్ ప్లయర్స్‌తో మరీ కొన దగ్గర పట్టుకుని గట్టిగా లాగడం. కట్టబోయే ఈకలను అరగంట ముందు తడిగుడ్డ మడతలో పెట్టండి, ఈనె మెత్తబడుతుంది. ఒకసారి వేలి మీద చిన్న ఉంగరంలా వంచి చూడండి. అక్కడే విరిగితే పోయింది ఈకే, కట్టిన తర్వాత విరిగితే ఫ్లై మొత్తం పోతుంది. గుణుపురం కుర్రాడొకడు ఎన్ని ఈకలు మార్చినా విరుగుతున్నాయని వచ్చాడు. అతని కేప్ బాగానే ఉంది, ప్లయర్స్ నోటికే అంచు పదునుగా ఉంది. సన్నటి రబ్బరు గొట్టం ముక్క తొడిగితే సమస్య తీరిపోయింది.

మునిగిపోవడం. నూగు, లేత ఈక సంగతి చెప్పాను. కానీ మీ గాలం కూడా చూడండి. మన ఊరి షాపుల్లో దొరికేవి ఎర గుచ్చే గాలాలు, లావు తీగతో బరువుగా ఉంటాయి. ఎంత మంచి హ్యాకిల్ చుట్టినా వాటిని తేల్చలేదు. డ్రై ఫ్లైకి సన్నతీగ గాలాలు విడిగా తెప్పించుకోవాల్సిందే. డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే, కేప్ మీద కాదు. ఇంకోటి, పోగులు పొడవైపోయాయని కొనలు కత్తిరించకండి. పోగు సన్నబడుతూ వచ్చిన ఆ కొనే నీటి పొర మీద ఆనుతుంది. కత్తిరిస్తే మొండిగా మారి పొరను చీల్చుకుని దిగుతుంది. పొడవైతే వేరే ఈక తీసుకోండి.

వెట్ ఫ్లై మాట. నిజం చెప్పాలంటే మన నీళ్లలో ఎక్కువ చేప పడేది దీనికే. నాగావళిలో గానీ వంశధారలో గానీ నీళ్లు తేరుకున్నాక, పరిగెలకు, చెరువుల్లో తిలాపియాకు పెట్ట ఈకతో కట్టిన చిన్న వెట్ ఫ్లై బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గోధుమరంగు చుక్కల పెట్ట మెడ ఈక తీసుకుని, ఈసారి కొనతో కట్టండి, మొదలుతో కాదు. పోగులన్నీ ఒకే వైపుకి మడిచి, వెనక్కి దువ్వుతూ రెండు చుట్లు, అంతే. మూడో చుట్టు చుట్టాలనిపిస్తుంది, చుట్టకండి. ఒత్తుగా ఉంటే నీళ్లలో కదలదు. గిన్నీ కోడి చుక్కల ఈక, ఫారాల్లో పెంచే జపాన్ కౌజు ఈక కూడా దీనికి చాలా బాగుంటాయి.

కొర్రమీనుకైతే వూలీ బగ్గర్ అనే స్ట్రీమర్ కట్టండి. వానాకాలం బురదనీళ్లలో కాకి పుంజు శాడిల్ ఈకే నాకు ఇష్టం. తోక దగ్గర కొనతో కట్టి, ఒంటి మీద ఎడంగా చుట్టుకుంటూ ముందుకు రండి. అప్పుడు వెనక పొట్టి పోగులు, ముందు పొడుగు పోగులు వస్తాయి. దాని మీద ఎదురు దిశలో సన్నటి రాగితీగ చుట్టాలి, లేకపోతే కొర్రమీను పళ్లకు ఈనె తెగి హ్యాకిల్ మొత్తం విడిపోతుంది. ఈ తీగ మోటార్ వైండింగ్ షాపులో ముక్కలు అడిగితే ఊరికే ఇస్తారు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. మన కొండ సంతల్లో అప్పుడప్పుడు అడవికోడి ఈకలు, చర్మాలు కనిపిస్తాయి. మెడ ఈక చూస్తే ఎవరికైనా చేయి ఆగదు. కొనకండి, తీసుకోకండి. అడవికోడికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. మనం కొంటే ఇంకో పుంజుకి ఉచ్చు వేస్తారు. గోదావరికి ఇవతల మన తూర్పు కనుమల్లో తిరిగేది ఎర్ర అడవికోడి, మన పెరటి కోళ్లకు మూలం అదే. ఆ రంగే కావాలంటే మంచి డేగ పుంజులో దొరుకుతుంది.

చివరిగా కేప్ దాచుకోవడం, ఎందుకంటే రాయగడలో మీకు తేమ బాగా ఉంటుంది. చర్మం వెనక కొవ్వంతా మొద్దు కత్తితో గీకేయండి. చాలామంది ఉప్పు రాస్తారు, వానాకాలంలో ఉప్పు తేమను లాగి చర్మాన్ని చెమ్మగా ఉంచుతుంది. వెలిగారం పొడి రాయండి, పిల్లలకు అందకుండా పెట్టుకోండి. ఈకలు పైకి ఉండేలా అట్టముక్కకు పిన్నులు గుచ్చి నీడలో వారం పదిరోజులు ఆరనివ్వండి. ఆరాక షాంపూ వేసిన గోరువెచ్చని నీళ్లలో కడిగి మళ్లీ ఆరబెట్టండి. తర్వాత ప్లాస్టిక్ కవర్లో గాలి లేకుండా మూసి నాలుగైదు రోజులు ఫ్రీజర్లో ఉంచి, బయట ఒకరోజు పెట్టి, మళ్లీ ఫ్రీజర్లో పెట్టండి. మొదటిసారి పురుగు చస్తుంది, మిగిలినవేమైనా ఉంటే రెండోసారి అవీ పోతాయి. ఇది చేయకుండా కొత్త కేప్‌ను పాతవాటితో ఒకే డబ్బాలో పెట్టొద్దు. ఒక్క కేప్‌లో పురుగున్నా ఒక వానాకాలంలో డబ్బా అంతా ఖాళీ చేస్తుంది. జబ్బుచేసి చచ్చిన కోడి ఈకలు మాత్రం ముట్టుకోకండి, బర్డ్ ఫ్లూ వార్తలు వచ్చిన నెలల్లో సంత నుంచి అసలేమీ తెచ్చుకోవద్దు.

మీరు ఇప్పుడు వాడుతున్న కేప్‌ను పారేయనక్కర్లేదు. పెదవి పరీక్ష పెట్టి చూడండి, మెత్తగా ఉంటే దాన్నంతా వూలీ బగ్గర్లకు వాడేయండి. డ్రై ఫ్లై కోసం ఈ చలికాలంలో ముల్లు ముదిరిన డేగ పుంజు ఒకటి చూసుకుని, 12 నంబరు సన్నతీగ గాలాల మీద మొదలుపెట్టండి. కట్టినవి ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, గాలం కన్ను స్పష్టంగా కనిపించేలా తీస్తే ఏ చుట్టు దగ్గర తేడా వచ్చిందో చెప్పగలను.